సాయంత్రం ఏడింటి ఖర్చు

కూరల బండి దగ్గర బీరకాయలు కిలోకి అయిదు రూపాయలు తగ్గించమని పది నిమిషాలు వాదించిన మనిషే, అదే రాత్రి ఎనిమిదింటికి 450 రూపాయల బిర్యానీకి ఫోన్ మీద ఒక్క వేలితో ఒప్పేసుకుంటాడు. బేరం సంగతి ఇంటికొచ్చి గొప్పగా చెబుతాడు. బిర్యానీ సంగతి నెలాఖరున బ్యాంకు మెసేజీలు వెనక్కి జరిపితే తప్ప గుర్తుకే రాదు.

లెక్క వేద్దాం. వారానికి ఎనిమిది కిలోల కూరగాయలు కొని, ప్రతి కిలోకీ అయిదు రూపాయలు తగ్గించగలిగితే నెలకి మిగిలేది 160. వారానికి రెండుసార్లు బయటినుంచి భోజనం తెప్పిస్తే నెలకి పోయేది 3,600. తెలివితేటలన్నీ 160 దగ్గర ఖర్చు పెట్టి, 3,600 దగ్గర కళ్ళు మూసుకుంటున్నాం. వంటింటి పొదుపు గురించి ఎన్ని చిట్కాలు చదివినా ఎక్కువమందికి చేతిలో డబ్బు నిలవకపోవడానికి కారణం ఇదే. చిట్కాలన్నీ కొట్టు దగ్గర పనిచేసేవి. డబ్బు పోయేది మాత్రం సాయంత్రం ఏడింటికి, "ఇవాళ ఏం వండుదాం?" అన్న ప్రశ్నకి జవాబు లేని ఇంట్లో.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. కేంద్ర గణాంక శాఖ 2023 ఆగస్టు నుంచి 2024 జూలై దాకా దేశమంతటా గృహ వినియోగ వ్యయ సర్వే జరిపింది. పట్టణ కుటుంబాల ఖర్చులో తిండి వాటా 40 శాతానికి కాస్త తక్కువ. ఆ తిండిలో అన్నిటికన్నా పెద్ద పద్దు ఏదై ఉంటుంది? బియ్యమా, పాలా, నూనా? ఏదీ కాదు. పానీయాలు, చిరుతిళ్ళు, ప్యాకెట్ ఆహారం, వండి అమ్మే భోజనం. వీటన్నిటికీ కలిపి మొత్తం ఖర్చులో 11 శాతం పైనే పోతోంది. కూరగాయలది 4 శాతం చుట్టుపక్కల. అంటే కూరలకి ఒక్క రూపాయి పెట్టే ఇల్లు, వండి పెట్టినవాటికీ ప్యాకెట్లకీ రెండున్నర రూపాయల పైనే పెడుతోంది. పట్నం సంగతే కాదు, పల్లెల్లోనూ తిండి ఖర్చుల్లో ఇదే పద్దు ముందుంది.

ఇక బేరం ఎక్కడ ఆడాలో మీకే తెలిసిపోయి ఉండాలి. మీతో మీరు ఆడుకోవాలి.

ఏడింటికి ముందే

సాయంత్రం ఏడింటికి మనిషి ఎలా ఉంటాడో చెప్పక్కర్లేదు. పొద్దుటినుంచి ఆఫీసు తల తింది, మిగిలింది ట్రాఫిక్ తింది. ఫ్రిజ్ తెరిస్తే నిండుగానే ఉంటుంది. సొరకాయ సగం చెక్క, తల వాల్చిన పాలకూర, మొన్నటి సాంబారు, ఎప్పుడు తెచ్చారో తెలియని క్యాప్సికమ్. ఇన్ని ఉన్నా "ఇంట్లో ఏమీ లేదు" అనిపిస్తుంది. అలసిన బుర్ర కొత్తగా ఆలోచించదు, దగ్గర్లో ఉన్న తేలిక దారి పట్టుకుంటుంది. ఆ దారిని ఫోన్‌లో యాప్‌లు బాగా చదును చేసి పెట్టాయి. మొన్న మీరు తెప్పించుకున్నదే మళ్ళీ పైన కనిపిస్తుంది, కార్డు వివరాలు మళ్ళీ అడగవు, వంద రూపాయల తగ్గింపు అరగంటలో అయిపోతుందని తొందర పెడతాయి. 2023లో రెండు రూపాయలతో మొదలుపెట్టిన ప్లాట్‌ఫామ్ ఫీజు ఏడాదిన్నర తిరగకుండా పది రూపాయలైంది. అలసిన మనిషి బిల్లు కింది వరసలు చదవడని వాళ్ళకి తెలుసు.

అందుకని నిర్ణయాన్ని ఏడింటినుంచి తప్పించాలి. ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ అయిదు రాత్రులకి కూరలు రాసుకోండి. ఏడు రోజులకీ రాయకండి. ఒక రోజు మిగిలిపోయినవాటికి, ఒక రోజు మనసుకి వదిలేయండి. స్కూలు టైంటేబుల్‌లా గీతలు కొట్టి రంగులు వేసి ఫ్రిజ్‌కి అంటించినవాళ్ళని చాలామందిని చూశాను. మంగళవారానికల్లా విసుగు పుడుతుంది, గురువారానికి ఆ కాగితం మీద పాలవాడి లెక్క రాసి ఉంటుంది. పాత కవరు వెనకాల అయిదు మాటలు రాసుకుంటే చాలు.

రాసేటప్పుడు ఒకటే సూత్రం. ముందు వాడిపోయేదాన్ని ముందు వండాలి. ఆదివారం కూరలు తెచ్చారనుకోండి, సోమవారం తోటకూర పప్పు, మంగళవారం గోంగూరో పాలకూరో. ఆకుకూర కట్ట రెండు రోజులు దాటితే ఫ్రిజ్‌లో సగం బరువు తగ్గి, సగం నల్లబడుతుంది. బుధ, గురువారాలు బెండ, బీర, వంకాయలవి. దొండకాయ, క్యాబేజీ ఇంకో రోజు ఓపిక పడతాయి. దోసకాయ, కంద, చామదుంప, గుమ్మడి, బంగాళదుంప వారం చివరికి. చాలా ఇళ్ళల్లో జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు. పిల్లలకి ఇష్టమని ఆదివారమే ఆలుగడ్డ వేపుడు చేసేస్తారు. నెలరోజులు నిలవుండే దుంప మొదటి రోజే అయిపోతుంది, రెండు రోజుల ఆయుష్షున్న తోటకూర శుక్రవారం చెత్తబుట్టలోకి వెళ్తుంది.

ఎంత రాసుకున్నా ఏదో ఒక రోజు అనుకున్నది జరగదు. ఆఫీసులో ఆలస్యమవుతుంది, చుట్టాలు దిగుతారు, వండే మనిషికి తలనొప్పి. అలాంటి రోజు కోసం ప్రతి ఇంట్లో "పావుగంట భోజనం" ఒకటి సిద్ధంగా ఉండాలి. మన వంటకి ఈ విషయంలో సాటి లేదు. సీసాలో కందిపొడి ఉంటే కుక్కర్‌లో బియ్యం పడేసి, పక్క పొయ్యి మీద చారు పెట్టుకుంటే, మూడో కూత వచ్చేసరికి భోజనం తయారు. కందిపొడి, నెయ్యి, చారు, ఒక అప్పడం, చివర్లో పెరుగు. తెలంగాణలో అయితే చారు కూడా కాచక్కర్లేదు, పచ్చి ఉల్లిపాయ నలిపి పచ్చిపులుసు కలిపితే సరి. నలుగురు కడుపునిండా తిన్నా వంద రూపాయలు దాటదు. బిర్యానీ తెచ్చే కుర్రాడు మీ సందు వెతుక్కుంటూ ఫోన్ చేసేలోపు మీరు చేతులు కడిగేసుకుంటారు. కందిపొడి లేకపోతే పుట్నాల పొడి, కరివేపాకు కారం, నల్లకారం. అవీ లేకపోతే కోడిగుడ్డు పులుసు, అటుకుల ఉప్మా. పొడి కొట్టడానికి నెలకి ఒక గంట పడుతుంది. ఆ గంట ఎన్ని బిర్యానీలని ఆపుతుందో మీ బ్యాంకు మెసేజీలని అడగండి.

దేనితో పోల్చాలి?

ఇక్కడ పొదుపు పాఠాలు చెప్పేవాళ్ళతో నాకో తగువుంది. వాళ్ళకి ప్రతిదీ ఇంట్లోనే చేయాలి. దోసెల పిండి ప్యాకెట్ కొన్నారంటే మహాపరాధం. లెక్క మాత్రం వాళ్ళదే గట్టిదిగా కనిపిస్తుంది. మినప్పప్పు కిలో 130, బియ్యం కిలో 45 అనుకుంటే, కిలో పప్పుకి మూడు కిలోల బియ్యం నానబోసి రుబ్బితే ఎనిమిది కిలోల పైగా పిండి వస్తుంది. కిలో పిండి ముప్పై పైచిలుకు పడుతుంది. కొట్లో ప్యాకెట్ 80 అనుకుందాం. సగానికి సగం పైన ఆదా అంటారు.

నిజమే, రుబ్బే ఇంటికి. రుబ్బని ఇంటి సంగతి? భార్యాభర్తలిద్దరూ ఉద్యోగానికి వెళ్ళే ఇంట్లో ఫ్రిజ్‌లో పిండి లేకపోతే ఆ రాత్రి ఇద్దరూ కూర్చుని రుబ్బరు. టిఫిన్ సెంటర్‌నుంచి నాలుగు దోసెలు తెప్పిస్తారు. మూడు వందలు అయిపోతాయి. ఆ ఇంటికి ప్యాకెట్ పిండి 50 రూపాయల నష్టం కాదు, 220 రూపాయల లాభం. ఏ ఖర్చునైనా ఆదర్శ గృహిణి ఏం చేసి ఉండేదో దానితో పోల్చకండి. అది లేకపోతే మీరు నిజంగా ఏం చేసి ఉండేవారో దానితో పోల్చండి. ఈ ఒక్క అలవాటు వంటింట్లోంచి బయటికొచ్చి జీతం, చదువు, బండి కొనడం దాకా ఉపయోగపడుతుంది. ఆదివారం సెలవుంటే రుబ్బుకోండి, లేకపోతే ప్యాకెట్ కొని నిశ్చింతగా నిద్రపోండి. తరిగిన కూరలు, వలిచిన వెల్లుల్లి సంగతీ అంతే.

పెరుగు ఒక్కదానికి మాత్రం నేను మినహాయింపు ఇవ్వను. పాలకీ పెరుగు ప్యాకెట్‌కీ ధరలో ఉన్న తేడా మీరు వేయని చెంచాడు తోడు ఖరీదు. రాత్రి పడుకోబోయేముందు అర నిమిషం పని. దీనికి కూడా తీరిక లేదంటే నమ్మను.

పది ధరలు కంఠతా

కూరగాయల మీద అందరూ నిపుణులే. అసలు డబ్బు నెల సరుకుల్లో ఉంటుంది. బియ్యం, నూనె, కందిపప్పు, మినప్పప్పు, పాలు, చింతపండు, ఎండుమిర్చి, పంచదార, గోధుమపిండి, గుడ్లు. మీ ఇంటికి పదో పన్నెండో ఇలాంటివి ఉంటాయి. వీటి కిలో ధర మీకు నోటికి వచ్చి ఉండాలి. మిగతా యాభై వస్తువుల ధరలు తెలియకపోయినా ఫర్వాలేదు. ఆవాలు కిలోకి ఇరవై పెరిగినా మీ ఇంటికి ఏడాదికి అయిదు పదులు తేడా రాదు.

"కిలో ధర" అని ఎందుకు అంటున్నానంటే, ఇప్పుడు ప్యాకెట్లు కిలోల్లో ఉండడం మానేశాయి. లీటరు వంటనూనె బరువు సుమారు 910 గ్రాములు. అలమరలో దాని పక్కనే అదే ఎత్తు, అదే వెడల్పు ప్యాకెట్ 850 గ్రాములది ఉంటుంది, 800 గ్రాములదీ ఉంటుంది. "పది రూపాయలు చవక" అని బుట్టలో వేసుకున్నది నిజానికి ఖరీదైనది కావచ్చు. దీనికి మందు ప్యాకెట్ మీదే ఉంది. తూనికలు కొలతల నిబంధనల ప్రకారం గరిష్ఠ చిల్లర ధర పక్కన యూనిట్ ధర కూడా ముద్రించాలి. కిలో లోపు ప్యాకెట్ అయితే గ్రాముకి ఎంతో, కిలో పైన అయితే కిలోకి ఎంతో. చిన్న అక్షరాల్లో "యూఎస్‌పీ" అని ఉంటుంది. కళ్ళజోడు పెట్టుకుని చదవాల్సింది అదీ. "25 శాతం అదనం", "ఒకటి కొంటే ఒకటి" అన్నవి కళ్ళజోడు లేకపోయినా కనిపిస్తాయి, అవి చదవక్కర్లేదు.

బియ్యం బస్తా కథ ఇంకా బాగుంటుంది. 2022 జూలై 18నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. అయితే 25 కిలోల వరకే. వారం తిరక్కుండా వ్యాపారులు దారి కనిపెట్టారు. అంతకుముందు ఎప్పుడూ చూడని 26 కిలోల బస్తాలు బజార్లోకి వచ్చాయి. పన్ను తప్పింది, మంచిదే. చిక్కు ఎక్కడంటే, ఒక కొట్లో 25 కిలోల బస్తా, ఇంకో కొట్లో 26 కిలోలది, మూడో చోట 10 కిలోలది. "బస్తా ఎంత?" అని అడిగితే ఏమీ తేలదు. కిలో ఎంత పడిందో భాగించి చూసుకోండి. బియ్యం విషయంలో ఇంకోటి కూడా చూడాలి. పాత బియ్యం ఎక్కువ ఒదుగుతాయి. కిలోకి మూడు నాలుగు రూపాయలు ఎక్కువైనా అదే గ్లాసుకి అన్నం ఎక్కువ అవుతుంది, మిగిలింది మర్నాడు పులిహోరకి విడివిడిగా ఉంటుంది. కొత్త బియ్యం చవకని తెచ్చి ముద్దన్నం తినలేక పారబోసే ఇళ్ళున్నాయి.

ఇక రైతుబజార్లు. 1999 జనవరిలో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైనప్పుడు ఉద్దేశం దళారీ లేకుండా రైతూ కొనేవాడూ ఎదురెదురుగా నిలబడాలని. ఇప్పటికీ అక్కడ బోర్డు మీద ఆ రోజు ధరలు రాసి పెడతారు. బజారుకి వెళ్ళినా వెళ్ళకపోయినా ఆ ధరలు ఒకసారి తెలుసుకుంటే ఇంటి ముందు బండి దగ్గర మీకు ఆధారం దొరుకుతుంది. దగ్గర్లో ఉంటే వెళ్ళండి. కొత్తిమీర కట్ట మీద మూడు రూపాయల కోసం ఏడు కిలోమీటర్లు బండి నడిపి పెట్రోలు తగలేసే వీరులూ ఉన్నారు, వాళ్ళ సంగతి నేను మాట్లాడను.

టమాటా కోపం

2023 జూలైలో ఏం జరిగిందో గుర్తుందా? టమాటా కిలో 150 దాటింది. దేశంలోనే పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటైన మన మదనపల్లెలోనే ఆ ధర. టీవీలో టమాటా, బస్సులో టమాటా, పెళ్ళిళ్ళలో టమాటా. రెండు నెలలు తిరిగేసరికి రాయలసీమలో రైతులు కోత కూలి కూడా గిట్టక పంటని రోడ్ల పక్కన పారబోశారు. రెండు నెలలు ఓపిక పట్టి ఉంటే చాలని నేను అనడం లేదు. అసలు ఓపిక పట్టాల్సిన అవసరమే లేదంటున్నాను.

కూరలో టమాటా చేసే పనేమిటి? పులుపు, కొంచెం చిక్కదనం. పులుపు కోసం ఒక్క టమాటా మీద ఆధారపడిన వంట కాదు మనది. చింతపండు ఉంది. పప్పులో పచ్చి మామిడికాయ ఉంది. గోంగూర, చుక్కకూర ఉన్నాయి. చైత్ర వైశాఖాల్లో చింతచిగురు వస్తుంది, వానాకాలంలో వాక్కాయ, కార్తీకంలో ఉసిరి. నిమ్మకాయ, దబ్బకాయ, పుల్లమజ్జిగ ఎలాగూ ఉన్నాయి. కిందటేడు నిలవ చేసిన చింతకాయ తొక్కు జాడీలో ఉంటే అడిగే పనే లేదు. మన ముత్తవ్వల వంటింట్లో టమాటా ఇప్పటిలా రాజ్యం ఏలలేదు, అయినా వాళ్ళ పప్పు చప్పగా లేదు. ఒక వస్తువు ధర పెరిగిందంటే మార్కెట్ మీకు వేరే కూర వండమని కబురు పంపిందని అనుకోండి. 150 పెట్టి టమాటా కొంటూ ప్రభుత్వాన్ని తిట్టడం కన్నా పదిరూపాయల చుక్కకూర కట్ట తెచ్చి పప్పు చేసుకోవడం ఆరోగ్యానికీ మంచిది.

ఇదే తర్కం ఉల్లిపాయకీ వర్తిస్తుంది, నూనెకీ వర్తిస్తుంది. 2022లో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలవగానే మన కిరాణా కొట్లో సన్‌ఫ్లవర్ నూనె ధర ఎగిరింది, సరుకు అక్కడినుంచే వచ్చేది కాబట్టి. ఆ వంటనూనె తప్ప వేరేది మా ఇంట్లో ఎవరికీ పడదని పట్టుబట్టినవాళ్ళు ఎక్కువ కట్టారు. వేరుశనగ, తవుడు, నువ్వుల నూనెల్లో ఏది అందుబాటులో ఉంటే దానికి మారగలిగినవాళ్ళకి అంత దెబ్బ తగల్లేదు. నాలుక ఎన్ని రుచులకి అలవాటు పడితే ధరలు మిమ్మల్ని అంత తక్కువగా భయపెడతాయి. పిల్లలకి ఈ చదువు చిన్నప్పుడే చెప్పాలి. నాలుగే కూరలు తినే పిల్లవాడు పెద్దయ్యాక కూడా ఖరీదైన మనిషే.

నూనె మాట వచ్చింది కాబట్టి ఇంకో లెక్క. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకి 2,000 కిలోక్యాలరీల భోజనంలో నూనె, నెయ్యి లాంటి కొవ్వులు 27 గ్రాములు చాలన్నది అందులోని లెక్క. నెలకి మనిషికి 810 గ్రాములు. నలుగురున్న ఇంటికి మూడున్నర లీటర్లు. మీ ఇంటికి నెలకి ఎన్ని లీటర్లు వస్తున్నాయి? ఆరైతే, ఆ రెండున్నర లీటర్ల డబ్బూ ముందు నూనె కొట్టుకి వెళ్ళి, తర్వాత ఇంకాస్త పెద్ద మొత్తమై గుండె డాక్టర్ దగ్గరికి వెళ్తుంది. నూనె డబ్బా వంచి పోయడం మానేసి చెంచాతో కొలవడం మొదలుపెట్టండి. అదే మనుషులు, అదే కూర, నెలకో లీటరు మిగలడం చూస్తారు.

ఏడాది సరుకు

వెనకటి ఇళ్ళల్లో వేసవి వస్తే ఏడాది సరుకు కొనేవారు. మాఘం నుంచి కొత్త కంది, డెల్టాలో వరి కోశాక వేసిన మినుము, పెసర ఇంటికొచ్చేవి. ఆ తర్వాత గుంటూరు యార్డు మిర్చితో ఎర్రబడేది, దుగ్గిరాల, నిజామాబాద్ మార్కెట్లకి పసుపు వచ్చేది, కొత్త చింతపండు దిగేది. పంట చేతికొచ్చే నెలలో ధర దిగుతుంది, సరుకు తాజాగా ఉంటుంది. ఇది ఇప్పటికీ మారలేదు. మనమే మారి, నవంబరులో వంద గ్రాముల కారం ప్యాకెట్ కొంటున్నాం.

అలాగని అపార్ట్‌మెంట్‌లో గాదె కట్టుకోమనడం లేదు. మూడు వస్తువులు చాలు. ఎండుమిర్చి, చింతపండు, పసుపు. ఇవి ఎండలో ఒక పూట వేసి డబ్బాల్లో పెట్టుకుంటే ఏడాది నిలుస్తాయి. కారం మరపట్టించుకుంటే ఘాటు కోసం తేజ, రంగు కోసం బ్యాడిగి మీ ఇష్టమైన పాళ్ళలో కలుపుకోవచ్చు. ఏం కలిసిందో మీకు తెలిసిన కారం అదొక్కటే. కందిపప్పు మూడు నెలలకి మించి వద్దు. పురుగు పడితే ఆదా అంతా దానికే భోజనమవుతుంది. పప్పుకి కాస్త ఆముదం పట్టించి పెట్టడం, బియ్యంలో ఎండిన వేపాకు వేయడం మీ అమ్మమ్మకి తెలుసు, ఒక ఫోన్ చేసి అడగండి. ఎలాగూ చాలా రోజులైంది కదా మాట్లాడి.

పొయ్యి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పప్పు అరగంట ముందు నానేయండి, మూత పెట్టి వండండి, ఉడుకు రాగానే మంట తగ్గించండి. పద్నాలుగు కిలోల సిలిండర్ ఇంకో నాలుగు రోజులు వస్తుంది.

చెత్తబుట్ట పద్దు

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో వృథా అయిన ఆహారం 105 కోట్ల టన్నులు. హోటళ్ళు, పెళ్ళిళ్ళు అనుకుంటాం. అందులో 60 శాతం ఇళ్ళల్లోనే పోయింది.

బయటి భోజనం తర్వాత రెండో చిల్లు ఇదే, పైగా ఇది ఏ బ్యాంకు మెసేజ్‌లోనూ కనబడదు. అరవై పెట్టి కొన్న కొత్తిమీర, పుదీనా, కరివేపాకు కుళ్ళితే ఎవరూ ఖర్చు కింద రాయరు. తెలుగు వంటకి ఈ చిల్లు పూడ్చే విద్య పుట్టుకతో వచ్చింది. బీరకాయ తొక్కుతో పచ్చడి, సొరకాయ తొక్కుతో పచ్చడి, కొత్తిమీర కాడలతో చారు, పుచ్చకాయ తెల్లభాగంతో కూర, అరటిచెట్టు దూటతో పెరుగు పచ్చడి. రాత్రి అన్నం పొద్దున తాళింపు అన్నమో పులిహోరో, కాదంటే మజ్జిగ పోసి పచ్చిమిర్చి నంజుకునే చద్దన్నం. పుల్లబడ్డ దోసెల పిండి పుణుగులు. నగరాల్లో పెద్ద హోటళ్ళు చద్దన్నాన్ని మట్టికుండలో పెట్టి రెండొందలకి అమ్ముతున్నాయి. మనం ఇంట్లో పారబోసి అక్కడికి వెళ్ళి తింటున్నాం.

ఫ్రిజ్‌లో పై అరలో ముందువైపు ఒక పళ్ళెం పెట్టండి. ముందు అయిపోవాల్సినవన్నీ అందులోనే ఉండాలి. వెనక అర లోతుల్లోకి వెళ్ళిన గిన్నె ఆ ఇంటి వాళ్ళకి మళ్ళీ కనబడేది వాసన వచ్చాకే. ప్యాకెట్ల మీద తేదీలు కూడా చదవడం నేర్చుకోవాలి. "బెస్ట్ బిఫోర్" దాటితే రుచి, కరకర తగ్గుతాయని అర్థం, దాటిన మర్నాడే విషమైపోదు. "యూజ్ బై" అని ఉంటే మాత్రం దాటాక తినకూడదు. ఈ రెంటికీ తేడా తెలియక మంచి సేమియా పారేసేవాళ్ళున్నారు, పాడైన పన్నీర్ వండేవాళ్ళూ ఉన్నారు.

మిగిలిపోయినవాటి దగ్గరే ఒక మాట గట్టిగా చెప్పాలి. చాలా ఇళ్ళల్లో వృథా కాకపోవడానికి కారణం వంటింటి నైపుణ్యం కాదు, అమ్మ. అందరూ వేడి అన్నం తిన్నాక నిన్నటి కూర ఆవిడ పళ్ళెంలోకి వెళ్తుంది. దీన్ని పొదుపు అని పిలవకండి. మిగిలింది అందరూ పంచుకోవాలి, లేకపోతే తక్కువ వండాలి. పిల్లల పాలు, గుడ్లు, పళ్ళ దగ్గర చేయి బిగించేదీ పొదుపు కాదు. అక్కడ మిగిలిన వంద తర్వాత వేరే పేరుతో పోతుంది.

వండేది ఎవరు?

పై మాటలన్నీ చదివి "మా ఆవిడకి చూపిస్తాను" అనుకున్న మగవాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఏడింటి సమస్యకి మూలం ఒక మనిషి అలసటే అయినప్పుడు, ఆ మనిషికే ఇంకో నాలుగు పనులు అప్పగిస్తే అది నెల తిరక్కుండా చెడుతుంది. వంట తెలిసినవాళ్ళు ఇంట్లో ఇద్దరుంటే బయటినుంచి తెప్పించే రాత్రులు సగానికి పడిపోతాయి. ఇది నేర్చుకోలేని విద్యేం కాదు. అమెరికా వెళ్ళిన మన పిల్లల్ని చూడండి. ఇక్కడ పొయ్యి వెలిగించడం తెలియని కుర్రాడు, అక్కడ నలుగురు రూమ్మేట్లతో కలిసి దిగిన నెలకల్లా పప్పు, కోడికూర, చారు చేస్తుంటాడు. వాళ్ళకి వంట టర్న్‌లు ఉంటాయి. నీ వంతు రోజు వండకపోతే మిగతా ముగ్గురూ ఊరుకోరు. ఇండియన్ స్టోర్‌నుంచి సోనా మసూరి బస్తా తెచ్చి, ఖర్చు నాలుగు భాగాలు చేసి, ఫీజు కట్టగా మిగిలిన డాలర్లతో నెల గడుపుతారు. డల్లాస్‌లో చేతనైన పని దిల్‌సుఖ్‌నగర్‌లో, ఎంవీపీ కాలనీలో ఎందుకు చేతకాదు? ఎవరూ వంతు వేయలేదు కాబట్టి.

వారానికి రెండు రాత్రులు వంతు వేయండి. వండేవాళ్ళే ఆ రోజు ఏం వండాలో కూడా ఆలోచించాలి. "ఏం చేయమంటావ్?" అని అడిగి చెప్పింది చేయడం సగం పని కూడా కాదు.

పద్దు రాయమంటే అందరూ జనవరి ఒకటిన కొత్త డైరీ కొంటారు, సంక్రాంతికి ఆపేస్తారు. జీవితాంతం రాయక్కర్లేదు. ఒక్క నెల రాయండి, మూడు వరసలు. ఇంటి సరుకు ఎంత, బయటి తిండి ఎంత, పారేసింది ఎంత. మూడోది రాయడం కష్టం, సిగ్గుగా ఉంటుంది, కానీ ఎక్కువ నేర్పేది అదే. నెలాఖరుకి మీ ఇంటి చిల్లు ఏ వరసలో ఉందో తేలిపోతుంది. ఒక ఇంటికి బిర్యానీ, ఇంకో ఇంటికి పదినిమిషాల డెలివరీ యాప్, మరో ఇంటికి కుళ్ళిపోయే కూరలు. ఉచిత డెలివరీకి ఇంకా 60 రూపాయలు తక్కువయ్యాయని చిప్స్ ప్యాకెట్ చేర్చే ఇళ్ళయితే లెక్కలేనన్ని. ఎవరి చిల్లు వాళ్ళు పూడ్చుకోవాలి. పక్కింటివాళ్ళ చిట్కా మీకు పనిచేయకపోవడానికి కారణం వాళ్ళ చిల్లు వేరే చోట ఉండడమే.

మిగిలిన డబ్బు ఖాతాలో వదిలేస్తే అదే నెలలో ఇంకో దారిలో వెళ్ళిపోతుంది. రెండో నెల నుంచి బయటి తిండి వరసలో ఎంత తగ్గించాలనుకున్నారో అంత మొత్తాన్ని జీతం పడిన రోజే రికరింగ్ డిపాజిట్‌లోకి మళ్ళించండి. నెలాఖరున కాదు, మొదటి తారీఖునే. రెండు వేలైనా సరే, వెయ్యైనా సరే.

మొదలుపెట్టడానికి ఈ ఆదివారం బజారుకి వెళ్ళకండి. ముందు ఫ్రిజ్‌లో, డబ్బాల్లో ఏమున్నాయో అన్నీ బయట పెట్టి చూడండి. సోమ, మంగళ, బుధవారాలకి వాటితోనే భోజనం రాయండి. సంచీ తీసుకుని బజారుకి వెళ్ళేది గురువారం సాయంత్రం, ఏడింటికి ముందు, కడుపులో ఏదైనా వేసుకున్నాక.